అడిగే నోరు, అడగనిచ్చే వేదిక: వినోద్ దువా టెలివిజన్ జీవితం

పత్రికా రచయితల జీవితాలను అంచనా కట్టడంలో మనవారికి రెండు అలవాట్లున్నాయి. మొదటిది వీరపూజ. నిర్భీకుడు, నిష్పక్షపాతి, కలం యోధుడు అని నాలుగు విశేషణాలు తగిలించి, దండ వేసి ఊరుకోవడం. రెండవది, ఎవరి దగ్గర జీతం తీసుకున్నాడో ఆరా తీసి, ఆ ఒక్క ఆధారంతో మనిషి మొత్తాన్ని కొట్టిపారేయడం. మొదటిదానిలో చరిత్ర ఉండదు, రెండవదానిలో మనిషి ఉండడు. ఒక పాత్రికేయుడు ఏ కాలంలో, ఏ యాజమాన్యం కింద, ఏ భాషలో మాట్లాడాడు? ఎంతవరకు మాట్లాడగలిగాడు? ఎక్కడ ఆగాడు? ఆ ఆగడానికి కారణం అతనిలో ఉందా, అతను నిలబడిన వేదికలో ఉందా? ఈ ప్రశ్నలు వేసుకోకుండా రాసిన జీవితం చరిత్ర అనిపించుకోదు.

అచ్చు పత్రికల విషయంలో ఈ పరిశీలన కొంత జరిగింది. ముట్నూరి కృష్ణారావు, నార్ల వెంకటేశ్వరరావు వంటివారి సంపాదకీయాలు కాగితం మీద నిలిచి ఉన్నాయి కనుక వాటిని చదివి వాదించుకోగలుగుతున్నాం. టెలివిజన్ మాటకు ఆ భాగ్యం తక్కువ. ఆ రాత్రి లక్షలమంది వింటారు, మర్నాటికి గాలిలో కలిసిపోతుంది. అందుకే మన దేశంలో టెలివిజన్ రాజకీయ పాత్రికేయానికి అరవై ఏళ్ళు నిండినా, దాన్ని గురించిన విమర్శ ఇంకా బాల్యావస్థలోనే ఉంది.

ఈ వ్యాసానికి నేను వినోద్ దువాను ఎన్నుకున్నాను. ఆయన 1974లో మొదటిసారి టెలివిజన్ తెర మీద కనిపించాడు. 2021 డిసెంబర్ 4న కన్నుమూశాడు. ఈ నలభై ఏడేళ్ళలో ఆయన ప్రభుత్వ టెలివిజన్‌లో పనిచేశాడు, ప్రైవేటు పెట్టుబడి నడిపే చానెళ్ళలో పనిచేశాడు, చివరకు ఇంటర్నెట్‌లో చిన్న సంస్థల తరఫున మాట్లాడాడు. భారత టెలివిజన్ దాటివచ్చిన మూడు దశలూ ఒకే మనిషి జీవితంలో దొరకడం అరుదు. మరి హిందీ పాత్రికేయుడి గొడవ తెలుగు రచయితలకెందుకు అని ఎవరైనా అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి భాష, రెండవది రాజద్రోహ చట్టం. ఈ రెండింటితోనూ మనకు పాత బాకీలే ఉన్నాయి.

1

దువా 1954 మార్చి 11న పుట్టాడు. దేశ విభజన సమయంలో డేరా ఇస్మాయిల్ ఖాన్ నుంచి ఢిల్లీకి తరలివచ్చిన కుటుంబం వారిది. శరణార్థుల బస్తీల్లో పెరిగాడు. హన్స్‌రాజ్ కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం చదివి, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేశాడు. పాటలు పాడేవాడు, వక్తృత్వ పోటీలకు వెళ్ళేవాడు, పిల్లలకోసం నాటికలు రాశాడు. అన్నిటికంటే ముఖ్యం, వరకట్నం వంటి సమస్యల మీద వీధి నాటకాలు ఆడిన ‘థియేటర్ యూనియన్’ బృందంలో సభ్యుడు.

ఈ చివరి విషయం మీద కొంచెం ఆగాలి. వీధి నాటకానికి తెర లేదు, టిక్కెట్టు లేదు. చూసేవాడికి నచ్చకపోతే వెళ్ళిపోతాడు. అర్థం కాకపోతే అక్కడికక్కడే ముఖం మీద చెబుతాడు. ప్రజానాట్యమండలి అనుభవం ఉన్న మనకు ఈ సంగతి కొత్త కాదు. గుంపు మధ్య నిలబడి, ఎదుటివాడి కళ్ళలోకి చూస్తూ, వాడి మాటలోనే వాడికి చెప్పడం నేర్చుకున్నవాడికి వార్తలు చదివే భాషను అంత తొందరగా అంటగట్టలేము. దువా మాట్లాడిన హిందుస్తానీలో బజారుంది, ఇల్లుంది, ఉర్దూ నుడికారముంది. ఆకాశవాణి వార్తల్లో స్థిరపడిన సంస్కృత హిందీకి అది చాలా దూరం. గిడుగు రామమూర్తి దగ్గర మొదలుపెట్టి వాడుక భాషకోసం పోట్లాడిన మనకు ఈ తేడా రాజకీయమైన తేడా అని వేరే చెప్పనక్కరలేదు. ప్రభుత్వానికి ఒక భాష, ప్రజలకు మరో భాష ఉన్నచోట ప్రశ్న పుట్టదు, ప్రకటన మాత్రమే ఉంటుంది.

1974 నవంబర్‌లో ‘యువ మంచ్’ అనే యువజన కార్యక్రమంలో దువా తొలిసారి కనిపించాడు. అప్పటికి మన దేశంలో టెలివిజన్ ఏపాటిది? 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. 1972లో బొంబాయికి, 1973లో శ్రీనగర్‌కు, అమృత్‌సర్‌కు వచ్చింది. ఆకాశవాణిలో అదొక విభాగం మాత్రమే. 1976 ఏప్రిల్‌లో గాని దూరదర్శన్ విడి సంస్థ కాలేదు. అదే 1974లో విశాఖపట్నం నుంచి ‘ఈనాడు’ వెలువడి తెలుగు పత్రికల భాషనూ వ్యాపారాన్నీ మార్చివేసింది. అక్కడ ప్రైవేటు పెట్టుబడి, ఇక్కడ ప్రభుత్వ గుత్తాధిపత్యం. అచ్చులో అధికారపక్షాన్ని దుయ్యబట్టే అవకాశం ఎంతో కొంత ఉండేది. తెర మీద ఆ ఊసే లేదు.

2

1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అయిదు వారాలు తిరిగేసరికి, ఆగస్టు 1న, ఉపగ్రహ టెలివిజన్ బోధన ప్రయోగం మొదలైంది. అమెరికా అంతరిక్ష సంస్థ ఉపగ్రహాన్ని ఏడాదిపాటు ఎరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 గ్రామాలకు నేరుగా కార్యక్రమాలు అందించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రోజుకు నాలుగు గంటలు, వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు. విద్యుత్తు సరిగా లేని పల్లెల్లో, సినిమా హాలు మొహం చూడనివారు సైతం పంచాయతీ ఆవరణలో కూర్చుని తెలుగులో కార్యక్రమాలు చూశారు. శాస్త్ర విజ్ఞానపరంగా ఇది గొప్ప ప్రయోగం. దీన్ని తక్కువ చేసి చెప్పనవసరం లేదు.

అయితే ఆ ఏడాది ఏ ఏడాదో మరచిపోరాదు. పత్రికల మీద సెన్సారు. ప్రతిపక్ష నాయకులు జైళ్ళలో. మన రాష్ట్రంలో రచయితలు, పౌరహక్కులవారు జైళ్ళలో. పల్లెకు ఎరువుల గురించి చెప్పే తెర, పల్లె నుంచి ఎవరిని పట్టుకుపోయారో చెప్పదు. దువా ఆ ప్రయోగంకోసం యువతరానికి ‘యువ్ జన్’ కార్యక్రమం నడిపాడు. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళు. అమృత్‌సర్ కేంద్రం నుంచి ‘జవాన్ తరంగ్’ కూడా అప్పుడే మొదలై 1980దాకా సాగింది. యువత అంటే పాటలు, పోటీలు, ఉద్యోగాల సమాచారం. జయప్రకాశ్ నారాయణ్ వెంట వీధుల్లోకి వచ్చిన యువత ఆ తెర మీద లేదు.

దీనికి దువాను బోనులో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఇరవై ఒక్కేళ్ళ కుర్రవాడు ప్రభుత్వ కార్యక్రమంలో ప్రభుత్వాన్ని ధిక్కరించలేదని తీర్పు చెప్పడం చారిత్రక దృష్టి అనిపించుకోదు. గమనించవలసింది వేదిక స్వభావాన్ని. 1977 ఫిబ్రవరి 6న ఢిల్లీ రామలీలా మైదానంలో ప్రతిపక్షాల బహిరంగసభ జరుగుతుంటే, జనాన్ని ఇళ్ళలో కూర్చోబెట్టడానికి దూరదర్శన్ ఆ సాయంత్రం ‘బాబీ’ సినిమా వేసింది. సభకు జనం వచ్చారు, ఆ తర్వాత ఎన్నికల్లో ప్రభుత్వమే పోయింది. కొత్త ప్రభుత్వం వర్గీస్ కమిటీని వేసింది. ఆకాశవాణిని, దూరదర్శన్‌ను స్వతంత్ర సంస్థగా చేయాలని ఆ కమిటీ 1978లో చెప్పింది. ప్రసార భారతి చట్టం 1990లో వచ్చింది, 1997లో గాని అమలుకు రాలేదు. అత్యవసర పరిస్థితిలో తెర దుర్వినియోగమైందని అందరికంటే గట్టిగా అరచినవారు కూడా, తెర తమ చేతికొచ్చాక వదలడానికి తొందరపడలేదు.

3

1984 అక్టోబర్ 31 ఉదయం ఇందిరాగాంధీని కాల్చి చంపారు. బి.బి.సి. ద్వారా ఆ సంగతి దేశమంతటా పాకిపోయింది. ఆకాశవాణి అధికారికంగా చెప్పేసరికి సాయంత్రం ఆరయింది. తన ప్రధాని మరణవార్తను తన ప్రజలకు తానే చెప్పలేకపోయిన ప్రసార వ్యవస్థ అది. ఆ సంవత్సరమే దేశంలో కొత్త ట్రాన్స్‌మిటర్లు దాదాపు రోజుకొకటి చొప్పున లేచాయి. తెర విస్తరిస్తోంది, నమ్మకం కుంచించుకుపోతోంది.

అలాంటి సమయంలో డిసెంబర్ చివర లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. దూరదర్శన్ మొదటిసారి ప్రణయ్ రాయ్‌నూ, వినోద్ దువానూ పక్కపక్కన కూర్చోబెట్టి విశ్లేషణ చేయించింది. నేనప్పుడు హైదరాబాదులో ఒక విద్యార్థి వసతిగృహంలో ఉండేవాణ్ణి. భోజనశాలలో ఒకే ఒక టి.వి. బల్లల మీద, కిటికీల మీద ఎక్కి కూర్చున్న జనం. రాయ్ ఇంగ్లీషులో ఓట్ల శాతాలు, మొగ్గు, ప్రతిపక్షాల చీలిక గురించి చెప్పేవాడు. ఆయన ఊపిరి తీసుకునేలోపు దువా దాన్ని హిందుస్తానీలోకి మార్చేవాడు. మాటకు మాట పెట్టే అనువాదం కాదది. లెక్కను కబురుగా మార్చడం. మాలో ఇంగ్లీషు బాగా తెలిసినవాళ్ళు కూడా రెండోసారి దువా చెప్పేది వినడానికి నోరు మూసుకునేవారు. హైదరాబాదువాళ్ళకు ఆ భాష పరాయిది కాదుగదా.

ఆ రాత్రి దేశమంతటా కాంగ్రెసు గాలి. 404 స్థానాలు. ఆ గాలి ఆంధ్రప్రదేశ్‌లో ఆగింది. తెలుగుదేశం 30 స్థానాలు గెలిచి లోక్‌సభలో ప్రతిపక్షాలన్నిటిలోకీ పెద్దదయింది. హనుమకొండలో పి.వి. నరసింహారావు ఓడిపోయాడు. ఆగస్టులో రామారావు ప్రభుత్వాన్ని కూలదోసి నెల తిరక్కుండా మళ్ళీ నిలబెట్టవలసివచ్చిన కేంద్రానికి మన జనం చెప్పిన జవాబది. ప్రభుత్వ టెలివిజన్‌లోనే, పాలకపక్షం ఎక్కడ ఓడిందో, ఎందుకు ఓడిందో ఇద్దరు మనుషులు దాచకుండా చెప్పుకుంటున్నారు. అంతకుముందు ఫలితాలంటే వార్తల్లో చదివే జాబితా. ఇప్పుడవి వాదించదగిన విషయాలయ్యాయి. ఒక వసతిగృహం తెల్లవార్లూ ఓటు శాతాల మీద తగవులాడింది. రాజకీయ చైతన్యానికి అదొక మెట్టు.

మరో మెట్టు ‘జనవాణి’. 1985లో మొదలైన ఈ కార్యక్రమంలో సామాన్య ప్రజలు మంత్రులను ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నించారు. దువా నిర్వాహకుడు. ఈనాటి పిల్లలకు ఇందులో వింతేముందనిపిస్తుంది. ప్రారంభోత్సవాల్లో రిబ్బను కత్తిరిస్తూ మాత్రమే కనిపించే మంత్రి తడబడడం, నీళ్ళు నమలడం, ఫైలు తిరగేయడం జనం కళ్ళారా చూశారు. పెద్దమనిషి కూడా జవాబుదారీయే అన్న భావన వంద ఉపన్యాసాల వల్ల వచ్చేదానికంటే ఒక మంత్రి నుదుటి చెమట వల్ల ఎక్కువ వస్తుంది.

అయితే ‘జనవాణి’ పరిమితులు కూడా ఆ వేదికలోనే ఉన్నాయి. నాలుగువందల స్థానాల ధీమాతో ఉన్న ప్రభుత్వం తన మంత్రులను ప్రశ్నించనిచ్చింది. శాఖ పనితీరును అడగవచ్చు. ఆ శాఖ ఎవరి ప్రయోజనాలకోసం నడుస్తోందో అడిగే చోటు అది కాదు. 1987లో బోఫోర్సు వ్యవహారం ముదిరి, ధీమా సడలిన తర్వాత అదే ప్రభుత్వం 1988లో పత్రికల నోరు కట్టే పరువునష్టం బిల్లు తెచ్చింది. పాత్రికేయులు దేశవ్యాప్తంగా వీధుల్లోకి రావడంతో వెనక్కి తీసుకుంది. దయతో ఇచ్చిన వేదిక దయ తీరగానే ముడుచుకుంటుంది. వీధిలో నిలబడి సాధించుకున్నది కొంచెం ఎక్కువకాలం నిలుస్తుంది. ఈ రెండింటి తేడా ఆ నాలుగేళ్ళలోనే స్పష్టపడింది.

4

1980ల చివరి నుంచి ప్రైవేటు నిర్మాణ సంస్థల కాలం మొదలయింది. దువా 1987లో టి.వి. టుడేలో నిర్మాతగా చేరి, మర్నాటి ఏడాది తన సొంత సంస్థ పెట్టుకున్నాడు. 1992 నుంచి 1996 దాకా దూరదర్శన్‌లో ‘పరఖ్’ అనే వారం వారం వార్తా విశ్లేషణ నడిపాడు. ఈ ఏర్పాటును అర్థం చేసుకోవాలి. సమయం ప్రభుత్వానిది. నిర్మాణం ప్రైవేటువారిది. డబ్బు ప్రకటనలిచ్చే కంపెనీది. ఒకే యజమాని స్థానంలో ఇద్దరు యజమానులు వచ్చారు. ఇద్దరి మధ్య సందులో పాత్రికేయుడికి కొంత ఊపిరాడింది. ‘పరఖ్’ తన కాలంలో గౌరవం పొందిందంటే దువా ప్రతిభతోపాటు ఆ సందు కూడా కారణం.

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ప్రభుత్వ గుత్తాధిపత్యం తప్పని తేల్చింది, అలాగని వ్యాపారులకు ధారాదత్తం చేయమని కూడా చెప్పలేదు. జరిగింది మాత్రం రెండవదే. మన దగ్గర అదే ఏడాది ఈటీవీ, జెమిని వచ్చాయి. 2004లో టీవీ9తో ఇరవైనాలుగు గంటల తెలుగు వార్తలు మొదలయ్యాయి. ఒక ప్రభుత్వం బదులు పదిమంది పెట్టుబడిదారులు. వీరిలో చాలామందికి భూములు, కాంట్రాక్టులు, పార్టీలు ఉన్నాయి. 2009 ఎన్నికల్లో వార్తలను డబ్బుకు అమ్ముకున్న తీరు మీద ప్రెస్ కౌన్సిల్ 2010లో నివేదిక తయారుచేయించింది. రాసిన ఇద్దరిలో ఒకరు మన కె. శ్రీనివాసరెడ్డి. పేర్లతో సహా ఉన్న ఆ పూర్తి నివేదికను కౌన్సిల్ మొదట బయటపెట్టలేదు. ఏ యజమాని కింద ఏ నిజం ఆగిపోతుందో దీన్ని మించిన ఉదాహరణ అక్కరలేదు.

దువా ఈ దశలో జీ, సహారా మీదుగా ఎన్.డి.టి.వి. ఇండియా చేరాడు. రాత్రిపూట ఆయన చెప్పే వార్తలకు ఆదరణ ఉండేది. అయితే కోట్లమంది జ్ఞాపకంలో మిగిలింది ‘జాయకా ఇండియా కా’. ఊరూరా తిరిగి బండి మీది చాట్, సందులోని కబాబు, లారీ డ్రైవర్లు తినే దాబా రుచి చూపించే కార్యక్రమం. రాజకీయ పాత్రికేయుడు తిండి యాత్రలు చేయడమేమిటని పెదవి విరిచినవారున్నారు. నేను వారితో పూర్తిగా ఏకీభవించను. అయిదు నక్షత్రాల వంటవాణ్ణి వదిలి, నలభై ఏళ్ళుగా ఒకే మూకుడు ముందు నిలబడ్డ మనిషిని పేరుపెట్టి పిలిచి, ఆయన పనితనాన్ని దేశానికి చూపడంలో శ్రమ పట్ల గౌరవముంది. మతాన్నిబట్టి వంటింటిని విడదీసే కాలంలో, అన్ని గుమ్మాల్లోనూ తిన్న మనిషిని చూపడంలో రాజకీయం కూడా ఉంది.

విమర్శ వేరేచోట ఉండాలి. ‘జనవాణి’ నడిపినవాడిచేత మళ్ళీ ‘జనవాణి’ చేయించే చానెల్ ఒక్కటీ ఎందుకు రాలేదు? మంత్రి ఎదురుగా సామాన్యుణ్ణి కూర్చోబెట్టే కార్యక్రమానికి మార్కెట్టులో ఎందుకు చోటు లేకపోయింది? సామాన్యుడి స్థానంలో ఎనిమిది గళ్ళలో ఎనిమిదిమంది అధికార ప్రతినిధులు అరవడం ఎందుకు లాభసాటి అయింది? ప్రభుత్వ టెలివిజన్ భయంతో మూసిన తలుపును మార్కెట్టు టెలివిజన్ లెక్కచూసుకుని మూసింది. దువాకు 2008లో పద్మశ్రీ వచ్చింది, గౌరవాలు వచ్చాయి, జనానికి పోయిన ఆ కుర్చీ తిరిగి రాలేదు.

5

పెద్ద చానెళ్ళ తర్వాత దువా ఇంటర్నెట్ వైపు వచ్చాడు. ‘ది వైర్’ తరఫున ‘జన్ గణ్ మన్ కీ బాత్’ చేశాడు. ఒక బల్ల, ఒక కెమెరా, ఒక మనిషి. ఎదుట ప్రకటనదారు లేడు, మంత్రి లేడు. అరవై దాటిన వయసులో ఆయన ఎన్నడూ లేనంత సూటిగా మాట్లాడాడు.

ఈ దశ గురించి రాసేవారు 2018 అక్టోబర్‌ను దాటవేయకూడదు. ఒక చలనచిత్ర దర్శకురాలు, 1989లో దువా తనపట్ల లైంగికంగా అనుచితంగా ప్రవర్తించాడని బహిరంగంగా ఆరోపించింది. ఆయన ఖండించాడు. ఖండించడానికి తన కార్యక్రమాన్నే వాడుకున్నాడు. దాని మీద విమర్శ వచ్చింది. సంస్థ విచారణ కమిటీ వేసింది. ఆరోపణ నిజానిజాలు తేల్చే స్థానంలో నేను లేను. కాని ప్రశ్నించడమే వృత్తిగా బతికినవాడు, తనమీద ప్రశ్న వచ్చినప్పుడు తన వేదికనే జవాబుకు వాడుకోవడం సరికాదు. ఆ రోజు ఎదుటి మనిషికి ఆ బల్ల లేదు, ఆ కెమెరా లేదు. ‘జనవాణి’ సూత్రం ప్రకారమే ఇది చెప్పవలసిన మాట. అభ్యుదయవాదులమని చెప్పుకునేవారు తమవాడనుకున్నవాడి విషయంలో ఈ సూత్రాన్ని వదులుకుంటే, పరాయివాడి విషయంలో అది చెల్లదు.

ఆ తర్వాత ఆయన హెచ్.డబ్ల్యు. న్యూస్‌లో మరో కార్యక్రమం మొదలుపెట్టాడు. 2020 మార్చి 30న, కోవిడ్ లాక్‌డౌన్ తొలి రోజుల్లో, వలస కూలీలు రోడ్లవెంట నడిచిపోతున్న వేళ, ప్రభుత్వ సన్నాహాలను విమర్శించాడు. అందులో ప్రధానమంత్రి ఉగ్రవాద దాడులను, మరణాలను ఓట్లకు వాడుకున్నాడని అన్నాడని హిమాచల్ ప్రదేశ్‌లో ఒక బి.జె.పి. నాయకుడు ఫిర్యాదు చేశాడు. మే నెలలో సిమ్లా జిల్లా కుమార్‌సైన్ పోలీసు స్టేషన్‌లో రాజద్రోహం సెక్షన్ 124-ఎ కింద కేసు నమోదయింది. జూన్‌లో పోలీసులు ఢిల్లీలోని ఆయన ఇంటికి వచ్చారు. జూన్ 14, ఆదివారం నాడు సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని అరెస్టు చేయరాదని చెప్పింది, దర్యాప్తును మాత్రం ఆపలేదు. 2021 జూన్ 3న న్యాయమూర్తులు యు.యు. లలిత్, వినీత్ శరణ్ కేసును కొట్టివేశారు. కేదార్‌నాథ్ సింగ్ తీర్పు ఇచ్చే రక్షణ ప్రతి పాత్రికేయుడికీ ఉందన్నారు. దువా గెలిచాడు. ఆరు నెలలకు చనిపోయాడు.

పత్రికలు ఈ తీర్పును పండుగ చేసుకున్నాయి. సంతోషించవలసిందే. కాని తీర్పు వెనక ఉన్న రెండు విషయాలు రచయితలు గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది, ఎవరీ కేదార్‌నాథ్ సింగ్? బీహారులో ఫార్వర్డ్ కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. 1953లో ఒక సభలో కాంగ్రెసు పాలకుల మీద, సి.ఐ.డి. వారి మీద ఘాటుగా మాట్లాడినందుకు రాజద్రోహం కింద శిక్షపడింది. 1962లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలిపి ఉంచుతూనే, హింసకు, అశాంతికి ప్రేరేపించే మాటలకే అది వర్తిస్తుందని హద్దు గీసింది. ఆ హద్దు తర్వాత ఎందరికో రక్ష అయింది. అయితే ఆ కేసులో కేదార్‌నాథ్ అప్పీలును కోర్టు తోసిపుచ్చింది. తన పేరుతో పుట్టిన రక్షణ తనకు దక్కని మనిషి ఆయన. ప్రతి రాజద్రోహ తీర్పులోనూ ఆయన పేరు వస్తుంది. ఆయన ఏమయ్యాడో ఎవరూ అడగరు.

రెండవది, దువా తన పిటిషన్‌లో మరో కోరిక కోరాడు. పదేళ్ళు వృత్తిలో ఉన్న పాత్రికేయుల మీద, ఒక ఉన్నత కమిటీ అనుమతి లేకుండా ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయరాదని. కోర్టు దాన్ని నిరాకరించింది. అది శాసనసభల పని అన్నది. నిరాకరణ సంగతి అలా ఉంచి, ఆ కోరికలోని పదేళ్ళ నిబంధనను చూడండి. 1974లో ‘యువ మంచ్’ తెర మీదికి వచ్చిన ఇరవై ఏళ్ళ దువా ఆ రక్షణకు అర్హుడు కాడు. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాసినదానికి ఇదే 124-ఎ కింద మూడేళ్ళు జైలుకు వెళ్ళిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు అప్పటికి పాతికేళ్ళు. పదేళ్ళ అనుభవం ఆయనకూ లేదు. తెలుగు పత్రికారంగంలో రాజద్రోహానికి తొలి మూల్యం చెల్లించినవాడు కూడా ఆ గీతకు బయటే ఉంటాడు.

నాకు తెలిసిన ఒక మండల విలేకరి ఉన్నాడు. జీతం లేదు, వార్తకింత అని ఇచ్చే లైను అకౌంటు డబ్బులు, ప్రకటనలు తెస్తే కమీషను. ఇసుక లారీల గురించి రాసినందుకు అతని మీద కేసు పడింది. సంస్థ అతను మా ఉద్యోగి కాదన్నది. నాలుగేళ్ళు వాయిదాలకు తిరిగాడు. పక్క ఊరి బస్సు చార్జీ లెక్కచూసుకునే అతనికోసం ఏ ఆదివారమూ ఏ కోర్టూ కూర్చోలేదు. దువా తప్పేమీ లేదందులో. కాని పేరున్నవాడి విజయం పేరులేనివాడికి దానంతటదే బదిలీ కాదు. ఆ బదిలీ జరగాలంటే మధ్యలో సంఘం ఉండాలి, న్యాయ సహాయం ఉండాలి, ఆ విలేకరిని తనవాడని చెప్పుకునే రచయితలుండాలి. 1988లో బిల్లు వెనక్కి పోయింది ఒక్కరి ధైర్యం వల్ల కాదన్నది ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి.

తర్వాత జరిగింది పాఠకులకు తెలిసిందే. 2022 మే 11న సుప్రీంకోర్టు 124-ఎను పక్కన పెట్టింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో రాజద్రోహం అన్న మాట లేదు. దాని స్థానంలో 152వ సెక్షన్ ఉంది, సార్వభౌమత్వానికి ముప్పు పేరిట. శిక్ష యావజ్జీవందాకా. పేరు మారింది, పోలీసు స్టేషన్ మారలేదు. ఈలోగా 2022 చివరలో, దువా పోయిన ఏడాదికి, ప్రణయ్ రాయ్ దంపతుల ఎన్.డి.టి.వి. అదానీ సంస్థల చేతికి వెళ్ళింది. 1984లో ఒకే బల్ల ముందు కూర్చున్న ఇద్దరిలో ఒకరికి వేదిక పోయింది, మరొకరు వేదికలన్నీ దాటి వెళ్ళిపోయారు.

6

దువా జీవితాన్ని ధైర్యవంతుడి కథగా చెప్పవచ్చు, అందులో అబద్ధం లేదు. నాకు మాత్రం అది వేదికల చరిత్రగా కనిపిస్తుంది. ప్రభుత్వం ఇచ్చిన వేదిక దేశమంతటికీ చేరింది, హద్దులు ప్రభుత్వమే గీసింది. మార్కెట్టు ఇచ్చిన వేదికకు వెలుగులెక్కువ, జనానికి కుర్చీ లేదు. ఇంటర్నెట్ వేదిక మీద మాట స్వేచ్ఛగా వచ్చింది, మాట్లాడిన మనిషి పోలీసుల ముందు ఒంటరిగా మిగిలాడు. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అన్న 1995 నాటి మాటను ఎవరూ నిజం చేయలేదు. ప్రజల యాజమాన్యంలో, ప్రజల భాషలో, మంత్రికి ఎదురుగా సామాన్యుడికి కుర్చీ వేసే టెలివిజన్ మన దేశంలో ఇంకా పుట్టవలసే ఉంది.

సాహిత్య విద్యార్థులకు ఒక సూచన చేసి ముగిస్తాను. సంపాదకీయాల మీద సిద్ధాంత గ్రంథాలు చాలా వచ్చాయి. 1975 నాటి ఉపగ్రహ ప్రయోగంలో తెలుగు పల్లెలకు ఏ భాషలో ఏం చెప్పారు? హైదరాబాదు దూరదర్శన్ తొలి పదేళ్ళలో ఏ మంత్రిని ఎవరు ఏమడిగారు? తెలుగు వార్తా చానెళ్ళు వచ్చాక వాడుక భాష తెర మీద ఏమయింది? చూసినవారు, పనిచేసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. వయసు మీదపడుతోంది. వారి దగ్గర కూర్చుని రాసుకోవలసిన పని ఈ ఏడే మొదలుపెట్టాలి.